ఆడించడమే గానీ చూపించరా?

పంద్రాగస్టు వస్తే మా పిల్లలు గుర్తుకొస్తారు. మంత్రి వస్తే గుర్తుకొస్తారు. పెద్దాఫీసరు బడి చూడ్డానికి వస్తే ఇంకా ముందే గుర్తుకొస్తారు. నెమలీకల టోపీలు తెప్పిస్తారు, ముఖాలకు రంగు పూస్తారు, ఎండలో వరుసగా నిలబెడతారు. కారు దిగిన పెద్దమనిషి ఫోటో దిగేంతసేపు ఆడించి, మళ్ళీ క్లాసులోకి తోలేస్తారు. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదివే మా పిల్లలకు కళతో మిగిలిన చుట్టరికం ఇదే. వాళ్ళను ఆడించిన బడులు లెక్కలేనన్ని. కూర్చోబెట్టి ఒక ఆటను మొదటి నుంచి చివరిదాకా చూపించిన బడులెన్ని?

ఎక్స్‌కర్షన్ అంటే హైదరాబాద్‌లో జూ పార్కు, చార్మినార్, గోల్కొండ, తిరుగు బస్సు. 1961 నుంచి నగరం నడిబొడ్డున రవీంద్రభారతి ఉంది. ఈ సాయంత్రం అక్కడ నాటకం ఉందా అని కనుక్కునే సారు మాకు అరుదుగా కనిపిస్తాడు. ఎందుకు చూపించరని అడిగితే వచ్చే జవాబు మాత్రం ఎక్కడైనా ఒకటే: ‘మన పిల్లలకు నాటకం ఏం అర్థమైతది?’

ఈ మాట మీద మాకు కోపముంది. కిక్రీ వాయిస్తూ పర్ధాన్ చెప్పే కథను రాత్రి పొడవునా మేలుకొని విన్న జాతి పిల్లలు వీళ్ళు. చాలామంది పర్ధాన్ల ఇంటి భాష మరాఠీ. అయినా గోండుల గోత్ర కథలను గోండిలోనే చెబుతారు, వినేవాళ్ళ భాష అది కాబట్టి. దండారి చూడండి. దీపావళి రోజుల్లో ఒక ఊరి బృందం ఇంకో ఊరికి విడిదికి పోతుంది. గుస్సాడీలుంటారు, ఆడవేషం కట్టిన కుర్రాళ్ళుంటారు, మధ్యలో కడుపుబ్బ నవ్వించే చిన్న ఆటలుంటాయి. వేషముంది, మాటలున్నాయి, వాద్యముంది, ఎదురుగా జనముంది. నాటకానికి ఇంకేం కావాలి? ఇంత పెద్ద ఆటను ‘గిరిజన నృత్యం’ అని పేరు మార్చి, స్వాగత కార్యక్రమంలో ఐదు నిమిషాలకు కుదించింది మేం కాదు. అరకు రిసార్టుల్లో టూరిస్టుల భోజనాల వేళకు ధింసాను కుదించినదీ మేం కాదు.

అసలు నష్టం ఇంకో చోట ఉంది. దండారి మొదలై కోలబోడితో ముగిసేసరికి పది రోజులు దాటుతుంది. బడి ఇచ్చే దీపావళి సెలవు ఒకటి రెండు రోజులు. ఐదో తరగతిలో హాస్టల్‌కు పోయిన పిల్లవాడు ఇంటర్ పూర్తయ్యేదాకా తన ఊరి దండారిని పూర్తిగా చూడడు. అదే పిల్లవాడికి వార్షికోత్సవంలో గుస్సాడీ వేషం కట్టి సినిమా పాటకు స్టెప్పులు నేర్పుతారు. దండారి రోజులన్నీ గుస్సాడీ స్నానం చెయ్యడని, ఆ వేషానికి ఒక నియమం ఉందని ఆ పిల్లవాడికి ఎవరు చెప్పాలి?

2024లో ఇద్దరు పెద్దవాళ్ళు పోయారు. ఒకరు మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు, ఇంకొకరు కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య. ఒకరికి 2021లో, ఒకరికి 2022లో పద్మశ్రీ వచ్చింది. జీకే ప్రశ్నగా వాళ్ళ పేర్లు పిల్లలతో బట్టీ పట్టించారు. బతికుండగా వాళ్ళ ముందు ఎంతమంది పిల్లలను కూర్చోబెట్టారు?

పట్నం నాటకం వద్దని మేం అనడం లేదు. తప్పకుండా చూపించండి. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్ళో మొదలైన సురభి కుటుంబాలు ఇప్పటికీ మాయాబజార్ ఆడుతున్నాయి. తెరలు, తాళ్ళు, మంటలు, గాల్లో లేచే వేషాలు, అన్నీ కళ్ళముందే. సినిమాలో హీరోకు మన పిల్లలు ఎదురుగా కూర్చున్నారని తెలియదు. రంగం మీది నటుడికి తెలుస్తుంది. వీళ్ళు నవ్వితే ఆగి మాట చెబుతాడు. అయిపోయాక పిల్లలను తెర వెనక్కి తీసుకుపోయి తాళ్ళు లాగేవాళ్ళను కూడా చూపించాలి. పద్యం కష్టమే. గోండి, కొలామి మాట్లాడే పిల్లవాడికి అది మరీ దూరం. దానికి ముందురోజు ఒక గంట కూర్చొని ఆ కథను వాళ్ళ భాషలో చెబితే చాలు. ఆ గంట టీచరుదే, వేరే ఎవరూ ఇవ్వలేరు.

డబ్బు లేదంటారు. సభలకు జనాన్ని తోలడానికి రాత్రికి రాత్రే దొరికే బస్సులు మా పిల్లలకెందుకు దొరకవు? ఆడపిల్లలతో రాత్రి ప్రయాణమెలా అంటారు. అది నిజమైన భయం, మేం కొట్టిపారెయ్యం. అలాగైతే నాటక సమాజాన్నే ఉట్నూరుకు, ఏటూరునాగారానికి, భద్రాచలానికి, పాడేరుకు పిలిపించండి, పగలే ఆడించండి. మా పిల్లలను మా పక్క జాతి దగ్గరకూ తీసుకుపోండి. గోండు పిల్లలు కోయ డోలి కథ వినాలి, కోయ పిల్లలు దండారి చూడాలి. చెప్పిన కళాకారుడికి శాలువాతో సరిపెట్టకుండా కూలి ఇవ్వండి. ఆ రోజు పిల్లలకు హాజరు వెయ్యండి, అది చదువే.

యువకులారా, గుస్సాడీని ముప్పై సెకన్ల రీల్‌గా కత్తిరించి పెట్టడం మీకు బాగా వచ్చు. ఒక్క రాత్రి ఫోను జేబులో పెట్టి, ఆట పక్కన తమ్ముణ్ణో చెల్లెల్నో కూర్చోబెట్టి చూడండి. టీచర్లు దసరా సెలవులకు ముందే హెడ్మాస్టరు బల్ల మీద ఒక కాగితం పెట్టండి: దండారికి పిల్లలను ఏ ఊరికి, ఏ తేదీన, ఎంతమందిని తీసుకుపోతున్నామో రాసి. వద్దంటే ఎందుకు వద్దో ఆ కాగితం మీదే రాసివ్వమనండి.