మన వాహనం: క్లచ్ ద్రవం విషయంలో అశ్రద్ధ తగదు

ఇంజన్ ఆయిలు మార్చవలసిన తేదీని మనలో చాలామంది గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుంటారు. కాని హ్యాండిల్ మీద అమర్చిన చిన్న డబ్బాలోని ద్రవాన్ని ఏళ్ల తరబడి పట్టించుకోము. వాహనం మన చేతి మాట వినడం ఆ ద్రవం మీదనే ఆధారపడి ఉన్నది. ఢిల్లీలోని ద్వారకలో నివసించే మన పాఠకులు కొందరు ఈ విషయమై వివరణ కోరినందున, ఈ మాసం శీర్షికను దీనికే కేటాయిస్తున్నాము.

ఒకప్పుడు పప్పన్‌కలాన్ పథకంగా మొదలై, ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ ఆధ్వర్యంలో పెరిగిన ఉపనగరం ద్వారక. 2005 డిసెంబరు 31న అక్కడికి మెట్రో రైలు వచ్చినది. అయినప్పటికీ ఒక సెక్టారు నుండి మరొక సెక్టారుకు, పిల్లల కళాశాలలకు, గురుగ్రామ్ కార్యాలయాలకు పోవడానికి మోటారుసైకిలునే నమ్ముకున్న కుటుంబాలు ఎన్నో కలవు. అక్కడ మే, జూన్ మాసాల్లో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఆ వెంటనే వర్షాకాలపు తేమ వస్తుంది. ఈ రెండూ ఆ ద్రవానికి శత్రువులే.

పనిచేసే విధానం

మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుందని పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ నిరూపించాడు. హైడ్రాలిక్ క్లచ్‌కు ఆధారం ఈ సూత్రమే. లీవరు నొక్కినప్పుడు హ్యాండిల్ వద్దనున్న మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని గొట్టంలోకి తోస్తుంది. ఇంజను వద్దనున్న స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను విడదీస్తుంది. ద్రవం నొక్కుకుపోదు, గాలి మాత్రం నొక్కుకుపోతుంది. అందువలన గొట్టంలో చిన్న గాలి బుడగ చేరినా మన చేతి బలం ప్లేట్ల దాకా పోక, ఆ బుడగను నొక్కడంతోనే ఖర్చయిపోతుంది.

సుజుకి హయబుసా, హోండా గోల్డ్ వింగ్ వంటి పెద్ద వాహనాలకు ఇటువంటి క్లచ్ ఉంటుంది. మనలో అధిక సంఖ్యాకుల మోటారుసైకిళ్లకు ఉండేది తీగ క్లచ్. అయితే ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉన్నట్లయితే అందులోనూ ఇదే సూత్రం, ఇటువంటి ద్రవమే ఉంటాయి గనుక ఈ వ్యాసం వారికి కూడా ఉపయోగపడగలదు.

ఎప్పుడు మార్చాలి?

సాధారణంగా వాడే డాట్ 4 ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త ద్రవం మరిగే ఉష్ణోగ్రత 230 డిగ్రీలకు తగ్గరాదు. తేమ చేరిన ద్రవానికి ప్రమాణం 155 డిగ్రీలు మాత్రమే. తేమ వలన సిలిండర్ లోపలి గోడలు తుప్పు పట్టి, రబ్బరు సీళ్లు పాడవుతాయి. కావున సుమారు రెండేళ్లకొకసారి ద్రవం మార్చడం మంచిది. వాహనపు కరదీపికలో వేరుగా చెప్పి ఉంటే దానినే పాటించాలి. కొన్ని వాహనాల క్లచ్‌లో డాట్ ద్రవం బదులు ఖనిజ తైలం వాడతారు. ఒకదాని బదులు మరొకటి పోస్తే సీళ్లు ఉబ్బి చెడిపోతాయి. డబ్బా మూత మీద వ్రాసి ఉన్నది చదవకుండా ఏదీ పోయరాదు.

లీవరు మెత్తగా ఉండటం, గేరు కష్టంగా పడటం, సిగ్నలు వద్ద న్యూట్రల్ దొరకకపోవడం, లీవరు పూర్తిగా నొక్కినా వాహనం ముందుకు జరగడం ప్రమాద సూచనలు. పాదచారులు దాటే గీతల వద్ద వాహనం రెండడుగులు తనంతట తాను కదిలితే ఏమి జరుగునో వేరుగా చెప్పనవసరం లేదు.

చేయవలసిన పని

వాహనాన్ని స్టాండు మీద నిలిపి, డబ్బా సమతలంగా ఉండేటట్లు హ్యాండిల్ త్రిప్పాలి. ఈ ద్రవం రంగును తినివేస్తుంది గనుక పెట్రోలు ట్యాంకును గుడ్డతో కప్పాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ధరించాలి. మూత చుట్టూ దుమ్ము తుడిచి, మూతను, రబ్బరు పొరను తీసి, పాత ద్రవాన్ని సిరంజితో లాగివేయాలి. తరువాత, సీలు విప్పని సీసాలోని కొత్త ద్రవం పోయాలి.

స్లేవ్ సిలిండర్ మీద ఉన్న బ్లీడ్ నిపుల్‌కు పారదర్శక గొట్టం తగిలించి, దాని రెండవ కొసను కొద్దిగా ద్రవం ఉన్న సీసాలో ముంచాలి. లీవరు నొక్కి పట్టుకుని నిపుల్‌ను కొద్దిగా విప్పాలి. ద్రవం వెలుపలికి రాగానే నిపుల్ బిగించి, ఆ తరువాతనే లీవరు వదలాలి. ఈ క్రమం తప్పితే గాలి లోపలికి పోతుంది. బుడగలు లేని స్వచ్ఛమైన ద్రవం వచ్చేవరకు ఇట్లే చేయాలి. మధ్యలో డబ్బా ఖాళీ కాకుండా చూసుకోవాలి. ఒకరు లీవరు వద్ద, మరొకరు నిపుల్ వద్ద ఉంటే పని సులువవుతుంది.

డబ్బాను అంచు దాకా నింపరాదు. క్లచ్ ప్లేట్లు అరిగే కొద్దీ డబ్బాలో ద్రవమట్టం పెరుగుతుంది. బ్రేకు విషయంలో ఇది తలక్రిందులు: ప్యాడ్లు అరిగితే మట్టం తగ్గుతుంది. స్లేవ్ సిలిండర్‌ను ఊడదీసి ఉన్నప్పుడు లీవరు ఎట్టి పరిస్థితిలోనూ నొక్కరాదు. నొక్కితే పిస్టన్ బయటికి వచ్చివేస్తుంది.

ఏ.బి.ఎస్. ఉన్న బ్రేకుల పని మాత్రం శిక్షణ పొందిన మెకానిక్‌కే అప్పగించాలి. 125 సి.సి. మించిన కొత్త ద్విచక్ర వాహనాలన్నింటికీ 2019 ఏప్రిల్ 1 నుండి ఈ ఏర్పాటు తప్పనిసరి అయినది.

పని ముగిసిన తరువాత

ద్రవం రంగు మీద ఒలికితే వెంటనే ధారాళంగా నీటితో కడగాలి. కంటిలో పడితే కనీసం 15 నిమిషాలు నీటితో కడిగి, వైద్యుని సంప్రదించాలి. పాత ద్రవాన్ని పిల్లలకు అందని చోట, మూత గల సీసాలో ఉంచి సర్వీసు కేంద్రానికి అప్పగించాలి. దానిని త్రాగునీటి సీసాలో పోయడం మహాప్రమాదం. కాలువలో పారబోయడమూ తగదు. ద్వారక ప్రాంతపు మురుగు కాలువలు నజఫ్‌గఢ్ కాలువలో కలుస్తాయి. అది వజీరాబాద్ వద్ద యమునలో చేరుతుంది. ఆ కాలువ ఒకనాటి సాహిబీ నది. మనం పోసే ఒక సీసా దానికి మరింత భారం కాకూడదు.

ఇంటిలో వాహనం నడిపే యువతీయువకులను ఈ పనిలో ప్రక్కన నిలబెట్టుకోండి. పని ముగిశాక వాహనాన్ని ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి, గేర్లు సవ్యంగా పడుతున్నవని నిర్ధారించుకొనిన తరువాతనే రద్దీ రోడ్డు మీదికి పోనివ్వండి. ద్రవం మార్చిన తేదీని కూడా ఇంజన్ ఆయిలు తేదీ ప్రక్కనే వ్రాసి ఉంచండి.