కన్నీరాఱిన కన్ను – సంఘము చేయదగిన పని

ఎద్దు కాలు కుంటినచో రైతు ఆ దినముననే పశువైద్యుని పిలుచును. నాగటి కఱ్ఱు అరిగినచో కమ్మరి కొలిమికి కొనిపోవును. కాని తన కన్ను మండుచున్నను, ఇసుక పడినట్లు గఱగఱలాడుచున్నను, ప్రొద్దు వాలునప్పటికి చూపు మసకబాఱుచున్నను, “ఎండ తగిలినది, అదే తగ్గును” అని ఊరకుండును. పనిముట్లన్నింటిలో తొలి పనిముట్టు కన్నే. దానిని ఉపేక్షించుటవలన మన చర్ల ప్రాంతపు సేద్యగాండ్రకు కలుగు నష్టమును గూర్చియు, దానిని తొలగించుటకు సహకార సంఘము చేయదగిన పనిని గూర్చియు ఈ మాసమున మా యభిప్రాయమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

కన్నీరు దుఃఖము కలిగినప్పుడు మాత్రమే ఊరునది కాదు. ఱెప్ప వేసినప్పుడెల్ల కంటిపై పలుచని తడిపొర పఱచుకొనుచుండును. ఆ పొరలో అడుగున జిగురు, నడుమ నీరు, పైన నూనె యుండును. జిగురు నీటిని కంటికి అంటియుండునట్లు చేయును; నూనె దానిని ఆవిరి కానీయదు. నీరు చాలినంత ఊరకున్నను, ఱెప్పల యంచులందలి నూనె గ్రంథులు పూడిపోయినను కన్ను ఆఱును. దీనినే పొడికన్ను అందురు.

వెలుతురు కంటిలోనికి పోవునప్పుడు మొదట తాకునది ఈ తడిపొరయే. అది నునుపుగా నున్నంతవఱకు చూపు తేటగా నుండును. పొడికన్ను గలవారికి, ఱెప్ప వేసిన పిదప 10 సెకండ్లయినను గడవకమునుపే ఆ పొర చినుగును. గాలికి అలలు రేగిన చెఱువులోని నీడవలె బొమ్మ చెదరును. మరల ఱెప్ప వేసినచో తేటపడును, మరల మసకబాఱును. ఇట్లు వచ్చుచు పోవుచుండు మసకయే ఈ వ్యాధికి ముఖ్యమైన గుఱుతు. మఱియొక వింత గలదు. ఇట్టివారికి గాలి తగిలినంతనే కంట నీరు ధారగా కారును. అది మంటకు తాళలేక కన్ను ఒక్కమాఱుగా కురియు నీరు. బీటలువాఱిన నేలపై జడివానవలె జాఱిపోవునే గాని నిలువదు. కావున “నీరు కారు కంటికి పొడి యేమిటి?” అని తోసివేయరాదు.

ఈ వ్యాధి పట్టణవాసులకే గాని పల్లెవారికి రాదని కొందఱు తలంతురు. మన పనులను జూడుడు. తాలిపేరు ఆయకట్టున వరి నూర్చునప్పుడు పొట్టుధూళి. గోదావరి యొడ్డున మిరప కోసి, కళ్లములో ఆరబోసి, తొడిమలు తీయునప్పుడు ఘాటు. ఇంట పొయ్యి యొద్ద పచ్చి కట్టెల పొగ. వేసవిలో వడగాలి. రాత్రివేళ ఱెప్ప వాల్చక సెల్ ఫోనును చూచుట పడుచువాండ్ర కొత్త యలవాటు. వీనిలో ప్రతియొకటియు కంటి తడిని హరించునదే. నలువదేండ్లు దాటిన వారికిని, ముట్లుడిగిన స్త్రీలకును, చక్కెరవ్యాధి గలవారికిని ఈ బాధ ఎక్కువ. కండ్లు, నోరు ఎండిపోవుటతో బాటు కీళ్లనొప్పులుండు ఒక వ్యాధిని 1933లో స్వీడను దేశపు వైద్యుడు షోగ్రెన్ విపులముగా వర్ణించెను. అట్టి లక్షణములు గలవారు ఆ మూడు బాధలను వైద్యునకు కలిపి చెప్పవలెను.

నష్ట మెట్టిదో మిరప రైతునకు వేఱుగా చెప్పనక్కఱలేదు. 2021లో నల్ల తామరపురుగు రెండు తెలుగు రాష్ట్రముల మిరపతోటలను పాడుచేసినది. ఆ పురుగు పొడవు సుమారు 1 మిల్లీమీటరు, పూవులో దాగియుండును. దానిని మొదటి దినములలోనే కనుగొన్నవానికిని, తోట ముడుచుకొన్న పిదప కనుగొన్నవానికిని ఎంత భేదము! చూపు చెదరువాడు పురుగును చూడలేడు, మందుడబ్బాపై కొలతను చదువలేడు, కాటా ముల్లును సరిచూచుకొనలేడు. పురుగు హెచ్చినకొలది పిచికారీ హెచ్చును. పిచికారీ తుంపర కంటబడినకొలది కన్ను మఱింత చెడును.

తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15న కంటివెలుగు పథకమును ప్రారంభించెను. రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మములో మొదలయ్యెను. ఊరూర కండ్లు పరీక్షించి ఉచితముగా అద్దము లిచ్చుట మెచ్చదగిన పని. అయినను అద్దములు దృష్టిదోషమును సరిచేయునే గాని కంటి పొడిని మాన్పవు. అద్దములు పెట్టుకొన్నను చూపు వచ్చుచు పోవుచున్నదనువారు వానిని మూలబెట్టి సంతలో మఱియొక జత కొనుట వృథా. కన్నీటిని పరీక్ష చేయించుకొనవలెను. కొలత కాగితపు ముక్కను క్రింది ఱెప్పలో ఐదు నిమిషము లుంచి, ఎంత తడిసెనో చూచుట 1903లో జర్మను వైద్యుడు షిర్మర్ కనిపెట్టిన పద్ధతి. 5 మిల్లీమీటర్ల కంటె తక్కువ తడిసినచో నీటి కొఱత యున్నదని యెంచుదురు. ఇంత సులభమైన పరీక్ష పల్లె శిబిరమునకు సయితము అందవలెను.

పసిబిడ్డల పొడికన్ను వేఱు. అది ఇంతకంటె భయంకరము. ఆహారములో విటమిన్ ‘ఎ’ లోపించుటవలన బిడ్డకు మొదట రేచీకటి కలుగును. పిమ్మట తెల్లగ్రుడ్డుపై నురుగువంటి మచ్చలు పుట్టును. తుదకు నల్లగ్రుడ్డు మీది పొర ఎండి కొలది దినములలోనే కరగిపోవును. అట్లు పోయిన చూపు మరల రాదు. తట్టు, విరేచనములు తగిలిన బిడ్డలకు ఈ యాపద త్వరగా వచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ననుసరించి 1970లో దేశమందు ఈ విటమినును బిడ్డలకు త్రాగించు కార్యక్రమము ఆరంభమైనది. తొమ్మిదవ నెలలో 1 లక్ష యూనిట్లు, పిదప ఐదేండ్లు వచ్చువఱకు ఆఱు నెలల కొకమాఱు 2 లక్షల యూనిట్లు ఇచ్చుట నియమము. మోతాదు మించిన హానియగును గనుక ఆరోగ్య కార్యకర్త చేతనే పోయింపవలెను. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడి మన పెరటిలోనివే. కూరలో కొంచెము నూనె యున్నగాని వానిలోని సత్తువ ఒంటికి పట్టదు.

చేయరానివి కొన్ని గలవు. కంటిలో ఆకుపసరు, ఆముదము పోయరాదు. అంగడివా డిచ్చిన చుక్కలను వేసికొనరాదు. ఎఱుపును ఒక్కదినములో పోగొట్టు చుక్కలలో స్టెరాయిడు ఉండవచ్చును. దానిని నెలల తరబడి వాడిన నీటికాసులు, శుక్లములు వచ్చి చూపే పోవచ్చును. వరియాకు గీచుకొన్న కంట వేసినచో పుండు ముదురును. పురుగుమందు కంటబడినచో వెంటనే మంచినీటితో కనీసము 15 నిమిషములు కడిగి, మందుడబ్బాతో ఆసుపత్రికి పోవలెను.

ఇక సంఘము మాట. విత్తనము, ఎరువు, అప్పు ఇచ్చుటయే సంఘము పని గాని కండ్లతో దానికేమి సంబంధమని కొందఱు సభ్యులు ఆక్షేపింపవచ్చును. 1904 నాటి చట్టముతో ఈ దేశమున సహకార సంఘము లెందుకు పుట్టినవి? ఒక్కని వలన కాని పని పదుగురు కలిసిన నగునని. చర్ల నుండి భద్రాచలము ప్రభుత్వాసుపత్రికి సుమారు 60 కిలోమీటర్లు. గూడెములలోని కోయ రైతు కంటిమంటకై ఒక దినపు కూలిని, బస్సు చార్జీని పోగొట్టుకొని పోవునా? పోడు. నూఱుగురు చేరి వైద్యుని పిలిపించినచో రాక తప్పదు. అప్పు తీర్పవలసిన చేతికి కన్ను దారి చూపవలెను గదా. సభ్యుని చూపు చెడిన సంఘపు బాకీయు నిలిచిపోవును.

కావున మేము మూడు పనులను సూచించుచున్నాము. మొదటిది: పురుగుమందు అమ్మునప్పుడు కన్నులను చుట్టును మూయు రక్షక అద్దముల జతను అదే బిల్లులో చేర్చి, వెలను పంట అప్పుతోబాటు వసూలు చేయవలెను. రెండవది: మిరపకోతకు ముందొకమాఱు, పిదప నొకమాఱు ప్రభుత్వ వైద్యులను రప్పించి సంఘ గిడ్డంగి యొద్ద కంటి పరీక్ష జరిపింపవలెను. కళ్లములో తొడిమలు తీయు కూలి స్త్రీలు సభ్యులు గాకున్నను వారిని విడువరాదు. మూడవది: కళ్లములలో శుభ్రమైన నీరు, సబ్బు ఉంచి, కారపు చేతితో కన్ను తుడుచుకొనకుండ జాగ్రత్తలు చెప్పింపవలెను.

పరీక్షలో పొడికన్ను అని తేలినవారు భయపడనక్కఱలేదు. వైద్యుడు వ్రాసిన కన్నీటి చుక్కలు, ఱెప్పలపై 5 నుండి 10 నిమిషములు గోరువెచ్చని తడిగుడ్డ కాపడము, పొగకును గాలికిని ఎడముగా నుండుట – వీనితోనే పెక్కుమందికి ఉపశమనము కలుగును. ఆలస్యమే హానికరము.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ మూడింటిని తీర్మానముగా ప్రతిపాదింప సభ్యులలో నెవరైన ముందుకు రావలెనని కోరుచున్నాము. ఎరువు బస్తా వెల రూపాయి పెరిగిన గంటలకొలది వాదించు మనము, కంటి కొఱకు ఒక్క గడియ కేటాయింపలేమా?