ఆఫీసు మెయిలు ఎవరి పేరు మీదుంది?

గోదావరిఖని నుంచి ఎన్టీపీసీ దాకా రాజీవ్ రహదారి పక్కనున్న షాపుల బోర్డులు చదువుకుంటూ పోండి. హైడ్రాలిక్ హోసులు, మోటారు రివైండింగ్, బేరింగులు, వెల్డింగ్ పనులు, సివిల్ కాంట్రాక్టులు. ఫోను నంబరు కింద ఒక జీమెయిల్ ఐడీ. లోపలికెళ్ళి ఆ మెయిలు ఎవరు చూస్తారని అడిగితే సేటు నింపాదిగా "మా పిల్లగాడు చూస్తడు సార్" అంటాడు. పిల్లగాడంటే కొడుకు కాదు, బిల్లులు కొట్టడానికి పెట్టుకున్న కుర్రాడు. వాడు సెలవు పెడితే నెట్ సెంటరాయన. ఆయనా లేకపోతే జీఎస్టీ ఫైల్ చేసే కన్సల్టెంటు. సేటుకి తప్ప అందరికీ తెలుసు పాస్‌వర్డు!

నా గొడవ సేటుతో కాదు. బిల్లు ఎప్పుడు పాసవుతుందో, లేబర్‌కి శనివారం ఏమివ్వాలో, ఆయన తిప్పలు ఆయనకున్నాయి. నా గొడవంతా మనవాళ్ళతో. నాన్న బాయి మీద సంపాదించిన డబ్బుతో ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు మాదాపూర్‌లోనో డల్లాస్‌లోనో కూర్చున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళతో. ఊరి నుంచి మామ ఫోన్ చేసి "అల్లుడా, మన ఆఫీసుకు ఒక మెయిలు పెట్టియ్యరాదు" అంటే మనవాళ్ళ దగ్గర రెండే జవాబులు. "జీమెయిల్ చాలు మామా, ఫ్రీయే కదా" అనేది మొదటిది. శనివారం రాత్రి కూర్చుని క్లౌడ్‌లో ఒక లినక్సు పెట్టె తీసుకుని, పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ ఎక్కించి, సోమవారం నుంచి దాన్ని మర్చిపోవడం రెండోది. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఎన్ని జీబీలు, ఏది చవక అని గంటలు గంటలు వాదించుకుంటారు. చిరునామా ఎవరి పేరు మీదుంది అని మాత్రం ఒక్కరూ అడగరు.

ఇదేదో నా సొంత చాదస్తం అనుకునేవాళ్ళకి ఒక సంగతి. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2018లో, ప్రభుత్వమే ఒక ప్రకటన చేయాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్ చేయించమని పని అప్పగిస్తే మధ్యవర్తులు తమ సొంత ఈమెయిలు, తమ సొంత ఫోను నంబరు ఇచ్చేసుకున్నారనీ, ఇప్పుడు లాగిన్ వివరాలు ఇవ్వడం లేదనీ వ్యాపారుల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయని. దానికి చూపించిన దారి ఏమిటంటే, రుజువు కాగితాలు పట్టుకుని తన పరిధిలోని ట్యాక్స్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి మెయిలూ ఫోనూ మార్పించుకోవడం. అంటే తన వ్యాపారం తనదేనని నిరూపించుకోవడానికి మనిషి ఆఫీసు మెట్లెక్కాలి. ఒక్క మెయిల్ ఐడీ మూలాన.

"అంత ముఖ్యమైతే ఫోన్ చేస్తారు కదా, వాట్సాప్ ఉంది కదా" అంటారు. చేయరండీ. సీజీఎస్టీ చట్టం 169వ సెక్షన్ నోటీసు అందించే పద్ధతుల్లో రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఈమెయిలుకి పంపడాన్ని కూడా ఒకటిగా చేర్చింది. ఐటీ చట్టం, 2000 లోని 13వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. మీరు ఫలానా చోటికి పంపండి అని చెప్పి ఉంటే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ఆ కంప్యూటర్‌లోకి మెయిలు చేరిన క్షణమే అది మీకు అందినట్టు లెక్క. మీరు తెరిచారా, చదివారా, ఆ పెట్టె తాళం మీ దగ్గరుందా అన్న ప్రశ్నే లేదు. కుర్రాడు జీతం బాకీ మీద అలిగి దుబాయ్ వెళ్ళిపోయినా, నోటీసు మాత్రం మీకు అందినట్టే! ఇక టెండర్ల సంగతి సరే సరి. సందేహాలకి సమాధానాలు, తేదీల మార్పులు, డిజిటల్ సిగ్నేచర్ రెన్యువల్ ఓటీపీలు అన్నీ ఆ ఒక్క గూటికే.

కుర్రాడి ఫోను నంబరుతో తెరిచిన జీమెయిల్ ఖాతా గూగుల్ దృష్టిలో కుర్రాడిదే. బోర్డు మీద మీ షాపు పేరుంటే గూగుల్‌కేంటి? ఉచిత ఖాతాకి ఫోన్ చేసి మొర పెట్టుకోవడానికి అవతల మనిషి కూడా ఉండడు. పైగా రెండేళ్ళు ఎవరూ తెరవకపోతే ఖాతా తీసేయవచ్చన్న నియమాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది.

కాబట్టి ముందు కొనాల్సింది మెయిలు కాదు, పేరు. సొంత డొమైన్. డాట్ ఇన్ అయితే ఏడాదికి వెయ్యి రూపాయలకి అటూ ఇటూ. షాపు ముందు ఫ్లెక్సీకి దానికంటే ఎక్కువే అవుతుంది. పేరు మీదైతే వెనకాల మెయిలు నడిపేవాడు ఎవడైనా ఒకటే. నచ్చకపోతే ఎం.ఎక్స్. రికార్డు మార్చి ఇంకొకడి దగ్గరికి పోవచ్చు, కస్టమరుకి తెలియను కూడా తెలియదు. కేంద్ర ప్రభుత్వం చేసింది అదే. 2025 నాటికి సుమారు 12 లక్షల సర్కారు మెయిల్ ఖాతాలు జోహో వేదిక మీదికి మారిపోయాయి. చిరునామాలు మాత్రం ఎప్పటిలాగే గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్. ఒక్క ఆఫీసరైనా విజిటింగ్ కార్డు మళ్ళీ కొట్టించుకోవాల్సిన పని పడిందా?

ఉచితం అనే మాట మీద కూడా కొంచెం చరిత్ర ఉంది. సొంత డొమైన్‌కి గూగుల్ మెయిలు 2006లో ఊరికే మొదలైంది. 2012 డిసెంబరులో కొత్తవాళ్ళకి ఊరికే ఇవ్వడం ఆపేశారు. 2022 జనవరిలో పాతవాళ్ళని కూడా డబ్బు కట్టమన్నారు. సొంత వాడకానికైతే ఉంచుకోండని తర్వాత కాస్త మెత్తబడ్డారు గానీ, వ్యాపారాలకి కాదు. అప్పుడు డొమైన్ సొంతమైనవాళ్ళు లెక్కలు చూసుకుని ఉంటే ఉన్నారు, పోతే పోయారు. అందుకే ఆ రోజు గడిచిపోయింది.

ఇక మన శనివారం రాత్రి వీరుల సంగతి. మెయిల్ సర్వరు ఎక్కించడం కష్టం కాదు, ఒప్పుకుంటా. అవతలివాడు మన మెయిలు తీసుకునేట్టు చేయడమే కష్టం. పెద్ద క్లౌడ్ కంపెనీల్లో చాలామంది 25వ పోర్టు ముందే మూసేసి ఉంచుతారు. తెరిపించుకున్నా ఆ ఐపీ అంతకుముందు ఏ స్పామర్ చేతిలో ఉందో తెలియదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి ఎవరు మెయిలు పంపాలన్నా ఎస్.పి.ఎఫ్. గానీ డికిమ్ గానీ ఉండాలి, ఐపీకి సరైన పి.టి.ఆర్. రికార్డు ఉండాలి. రోజుకి అయిదు వేలు దాటి పంపేవాళ్ళకి డిమార్క్ కూడా. ఇవన్నీ పెట్టొచ్చు. మరి డిస్కు నిండిన రోజు ఎవరు చూస్తారు? సర్టిఫికెట్ గడువు దాటిన రోజు? ఖనిలో కొటేషన్ పంపడానికి మధ్యాహ్నం మూడింటి దాకానే టైముంది అనుకోండి, మీకు డల్లాస్‌లో అర్ధరాత్రి దాటి ఉంటుంది. మామ పదిసార్లు ఫోన్ చేస్తాడు, మీది సైలెంట్‌లో ఉంటుంది. మామ దగ్గర సర్వరు పాస్‌వర్డు ఉండదు, ఉన్నా ఏం చేయాలో తెలియదు. నేర్చుకోవాలని ఉంటే మీ సొంత డొమైన్ మీద నేర్చుకోండి బాబూ, నలుగురి జీతాలు వేలాడే మెయిలు మీద కాదు.

వెబ్‌సైటు హోస్టింగ్‌తో పాటు ఊరికే వచ్చే మెయిలు కూడా అంతే. ఒకే ఐపీ మీద ఎన్నో సైట్లుంటాయి. పక్కవాడు స్పామ్ పంపితే మన కొటేషన్ కూడా స్పామ్‌లోకి పోతుంది. మెయిలుకి నెలకింత అని డబ్బు కట్టండి. గూగులో, మైక్రోసాఫ్టో, జోహోనో నాకు పట్టింపు లేదు.

పేరు ఎంచుకోవడంలో ఒక పిట్టకథ. మనకి కరెంటిచ్చే ఉత్తర డిస్కమ్ పేరు ఏపీతో మొదలయ్యేది. 2014లో టీఎస్ అయింది, 2024లో టీజీ అయింది. పదేళ్ళలో రెండుసార్లు! సింగరేణి మాత్రం ఎస్.సి.సి.ఎల్. మైన్స్ డాట్ కామ్ మీద ఉంది. ఆ పేరులో రాష్ట్రం లేదు కాబట్టి రాష్ట్రం మారినా దానికి ఏమీ కాలేదు. మీ డొమైన్‌లో టీఎస్, టీజీ, జిల్లా పేరు పెట్టకండి. 2016 దాకా మనది కరీంనగర్ జిల్లా, ఆ తర్వాత పెద్దపల్లి. రేపేమిటో ఎవరికి తెలుసు? ఫోన్‌లో చెప్తే ఒక్కసారికే రాసుకోగలిగేంత చిన్న పేరు చాలు.

మనుషుల పేర్ల మీద కాకుండా పనుల పేర్ల మీద చిరునామాలు పెట్టమంటే "నలుగురున్న ఆఫీసుకి ఇంత బిల్డప్పా" అని నవ్వుతారు. కానీ కోల్‌బెల్టులో పుట్టినవాడికి ఇది చెప్పాలా? మనం అర్జీ పెట్టేది "జనరల్ మేనేజర్, ఆర్జీ-1 ఏరియా" అని. సార్ పేరు ఆ సంవత్సరం ఏదైనా కావచ్చు, బదిలీ అయిపోయి ఉండొచ్చు, ఉత్తరం కుర్చీకి చేరుతుంది. మెయిల్లోనూ సేల్స్, సపోర్ట్, పోస్ట్‌మాస్టర్ లాంటి పేర్లు ఇలా పెట్టాలని 1997లోనే ఆర్.ఎఫ్.సి. 2142 రాసి పెట్టింది. టెండర్లకి ఒకటి, అకౌంట్స్‌కి ఒకటి చాలు. కుర్రాడికి కావాలంటే వాడి పేరు మీద ఇంకోటి ఇవ్వండి. వాడు మానేసిన రోజు దాన్ని మూసేసి, వచ్చే మెయిలు తర్వాతివాడికి మళ్ళిస్తే సరి. అందరి మెయిలూ పీఓపీతో ఒకే కంప్యూటర్‌లోకి దించేసి సర్వర్లో తుడిచేసే పాత అలవాటు మాత్రం మానిపించండి. ఆ హార్డ్ డిస్కు పోయిన రోజు ఏడేళ్ళ వర్క్ ఆర్డర్లు పోతాయి.

ఇదంతా అందరికీ అక్కర్లేదని కూడా చెప్పాలి. ఒక్కడే మనిషి, తన ఫోను నంబరుతో తనే తెరిచిన జీమెయిలు, పాస్‌వర్డు తన దగ్గరే... ఆయన్ని కదిలించకండి. రెండో మనిషి కీబోర్డు ముందు కూర్చున్న రోజు నుంచే ఈ గొడవ.

మామ కోసం చేసేటప్పుడు డొమైన్ ఆయన పేరు మీద, ఆయన ఫోను నంబరుతో, ఆయన కార్డుతో కొనండి. "చిన్న అమౌంటే కదా, నేను కట్టేస్తాలే" అని మీ కార్డు గీకొద్దు. కార్డు గడువు తీరిన ఏడాది మీ ఉద్యోగమూ మారుతుంది, నంబరూ మారుతుంది. రెన్యువల్ కాని డొమైన్ కొంతకాలానికి ఎవరైనా కొనుక్కోవచ్చు, కొన్నవాడికి మామ మెయిళ్ళన్నీ వస్తాయి, పాస్‌వర్డు మార్చుకునే లింకులతో సహా. అయిదేళ్ళకి ఒకేసారి కట్టించడం మేలు. డొమైన్ అమ్మినవాడి దగ్గర ఇచ్చే మెయిలు మాత్రం అదే డొమైన్‌ది ఇవ్వకండి, డొమైన్ ఆగిపోతే ఆ గుర్తు చేసే మెయిలూ ఆగిపోతుంది. అక్కడ మామ సొంత జీమెయిలే పెట్టండి. అడ్మిన్ ఖాతాకి రెండంచెల తాళం వేసి, బ్యాకప్ కోడ్లు ప్రింటు తీసి, ఆయన పాన్ కార్డు, ట్రేడ్ లైసెన్సు ఉండే బీరువాలోనే పెట్టించండి. రెండో అడ్మిన్‌గా అత్తయ్యని పెట్టినా ఫర్వాలేదు, మీరు వద్దు.