పెట్టెలో పట్టే రోబో

మన ఇళ్లలో ఏ వస్తువు కొనబోయినా ముందు ఒక ప్రశ్న వస్తుంది: "రేపు బదిలీ అయితే దీన్ని ఎలా మోసుకుపోతాం?" పెద్ద బీరువా వద్దనిపించేదీ, మామిడి మొక్కను కుండీలోనే ఉంచేదీ ఈ ప్రశ్నే. రోబోలు తయారుచేయాలని ఉబలాటపడే పిల్లలకూ ఇదే అడ్డు వస్తోంది. దానికి తోడు రెండో ప్రశ్న: "ఎంతవుతుంది?" ఈ రెండింటికీ జంకి ఎందరో పిల్లలు మొదలుపెట్టకుండానే ఆగిపోతున్నారు. మా అభిప్రాయంలో రెండింటికీ సమాధానం ఒక్కటే. చౌకగా చేయండి, విప్పదీయడానికి వీలుగా చేయండి, చేసిందంతా నోటుపుస్తకంలో రాసుకోండి.

తెలుగు పాఠాలు చెప్పుకునే మాకు రోబోలతో పనేమిటని మీరు అడగవచ్చు. సూరత్‌లో ఉన్నవారికి ఆ సందేహం రాకూడదు. లింబాయత్, ఉధనా వైపు వెళితే మరమగ్గాల చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. ఆ మగ్గాల మీద పనిచేసేవారిలో తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు ఎందరో ఉన్నారు. వారి పిల్లల కోసం ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులను కూడా నడుపుతోంది. పువ్వులూ లతలూ నేసే మగ్గాల మీద జకార్డ్ అనే అమరిక ఉంటుంది. ఫ్రాన్సు దేశపు లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో దానికి రూపమిచ్చాడు. చిల్లులు పొడిచిన అట్టలను వరుసగా కుట్టి మగ్గానికి తగిలించేవారు. చిల్లు ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలు మారిస్తే అదే మగ్గం మీద వేరే పువ్వు వస్తుంది. ఇవాళ మీరు ప్రోగ్రామ్ అంటున్నది ఇలాంటిదే. అంటే, రోబోకు తాతగారు అనదగిన యంత్రం మన పొరుగునే ఉంది.

ఇక డబ్బు సంగతి. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఆలేరు దగ్గర శారాజీపేట అనే ఊరు ఉంది. ఆ ఊరి చింతకింది మల్లేశం గారి చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. పోచంపల్లి చీర నేయడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 సార్లు కదపాలి. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, ఆ పని చేసే యంత్రం చేయాలని మల్లేశం గారు పూనుకున్నారు. చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఒక భాగం, మళ్లీ కూడబెట్టాక ఇంకో భాగం. పని కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు, బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను చూశాక ఆయనకు చివరి చిక్కు విడిపోయింది. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పిల్లలూ, ఇందులో మీకు పనికొచ్చే విషయాలు రెండున్నాయి. మొదటిది, ఆయన ముందు సమస్యను చూశారు, సామాను తర్వాత కొన్నారు. రెండోది, సొంత ఊళ్లో దొరకని జవాబు వేరే ఊళ్లో దొరికింది. ఊళ్లు మారే పిల్లలకు ఇంతకంటే ధైర్యం చెప్పే కథ ఏముంటుంది?

బజారులో వేలకు వేలు పోసే రోబో కిట్లు ఉన్నాయి. వాటిని మేము పూర్తిగా కొట్టిపారేయం. బొమ్మలతో వివరంగా చెబుతాయి, చిన్న పిల్లలకు ప్రమాదం తక్కువ. కానీ ఇల్లు అలకగానే పండుగ కాదు. పుస్తకంలో చూపినట్టు ముక్కలు బిగిస్తే సాయంత్రానికల్లా రోబో నడుస్తుంది. నెల తిరిగేసరికి అటక ఎక్కుతుంది. అది ఎందుకు నడిచిందో తెలుసుకోవలసిన అవసరం పిల్లలకు రాలేదు కనుక, ఆగిపోయినప్పుడు ఏం చేయాలో కూడా తెలియదు. అందుకే మెట్టు మెట్టుగా వెళ్లమని మా సలహా.

మొదటి మెట్టుకు దాదాపు ఖర్చు లేదు. పాడైన మొబైల్‌లోని వైబ్రేషన్ మోటారు, పాత టూత్‌బ్రష్ తల, ఒక బటన్ సెల్ చాలు. మోటారు ఇరుసు మీద బరువు ఒక పక్కకే ఉంటుంది. అది తిరిగినప్పుడు బ్రష్ అదిరి, కుచ్చు వాలిన తీరును బట్టి బల్ల మీద పాకుతుంది. ఒక్క జాగ్రత్త: బటన్ సెల్ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో చిట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉంటే ఆట అయిన వెంటనే దాన్ని తీసి దాచండి.

రెండో మెట్టు, వెలుతురు వెంట వెళ్లే బండి. గేర్లున్న చిన్న పసుపు రంగు మోటార్లు రెండు, చక్రాలు రెండు, వెలుతురును గుర్తించే ఎల్.డి.ఆర్.లు రెండు, ఆ మోటార్లకు సరిపడే ట్రాన్సిస్టర్లు రెండు, నాలుగు పెన్సిల్ సెల్లులు. మొత్తం సుమారు నాలుగు వందల రూపాయలు. చట్రానికి డబ్బు పెట్టకండి. చీరల దుకాణాల అట్టపెట్టెలు, దారం అయిపోయిన కాగితపు కోన్లు సూరత్‌లో కావలసినన్ని దొరుకుతాయి. ఎడమ కన్ను కుడి చక్రాన్నీ, కుడి కన్ను ఎడమ చక్రాన్నీ నడిపేలా తీగలు కలిపితే బండి దీపం వైపు తిరుగుతుంది. తీగలు అటుదిటు మారిస్తే దీపానికి దూరంగా పారిపోతుంది. ఇందులో కంప్యూటర్ లేదు, ప్రోగ్రామ్ లేదు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త 1948-49లో రెండేసి వాక్యూమ్ ట్యూబులతోనే వెలుతురును వెతుక్కునే యంత్రపు తాబేళ్లను చేశాడు. తక్కువ సామాను పెట్టుకుంటే బుర్రకు ఎక్కువ పని పడుతుంది.

మూడో మెట్టులో ఆర్డ్వీనో బోర్డు వస్తుంది. ఇది 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థులకు చౌకగా అందాలని పుట్టింది. దాని నమూనాను అందరికీ తెరిచి ఉంచారు కాబట్టి అదే తరహా బోర్డు మన దగ్గర మూడు నుంచి ఐదు వందలకు దొరుకుతుంది. రెండో మెట్టు మోటార్లనే వాడుకుని, మోటార్ డ్రైవర్, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ కలుపుకుంటే మరో ఆరేడు వందల్లో అడ్డు చూసి పక్కకు తప్పుకునే బండి సిద్ధం. మోటారును నేరుగా బోర్డు పిన్నుకు కలపవద్దు. అంత కరెంటును పిన్ను ఇవ్వలేదు, బోర్డు కాలిపోవచ్చు. చిన్న డబ్బాలా ఉండే 9 వోల్టుల బ్యాటరీ మోటార్లకు చాలదు, పెన్సిల్ సెల్లులే మేలు. గోడ ప్లగ్గు జోలికి వెళ్లకండి. సోల్డరింగ్ చేసేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. బోర్డు కొనకముందే టింకర్‌క్యాడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా సర్క్యూట్ గీసి, ప్రోగ్రామ్ నడిపి చూడవచ్చు. బడి కంప్యూటర్ గదిలో ఒక పీరియడ్ దొరికితే చాలు.

ఈ మూడు మెట్లలో ఏది చేసినా జిగురుతో అంటించకండి. మరలు, రబ్బరు బ్యాండ్లు, తీగల కొక్కేలు వాడండి. బదిలీ రోజు సెల్లులు తీసేసి, బండిని విప్పితే అంతా మిఠాయి డబ్బాలో పడుతుంది. అట్ట చట్రాన్ని ఇక్కడే వదిలేయండి, కొత్త ఊళ్లో కొత్తది కత్తిరించుకోవచ్చు. నోటుపుస్తకం మాత్రం తప్పక వెంట ఉండాలి. ఏ తీగ ఎక్కడికి, ఏది ఎంతకు కొన్నారు, ఏ రోజు ఎందుకు ఆగింది, ఎలా సరిచేశారు, అన్నీ అందులో ఉండాలి. తెలుగులో రాస్తే మాకు మరీ సంతోషం. చేసిన పనిని సొంత భాషలో వివరించగలిగినప్పుడే అది నిజంగా అర్థమైనట్టు.

బడులకూ ఒక మాట చెప్పాలి. అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016 నుంచి బడుల్లో టింకరింగ్ ల్యాబ్‌లకు ఒక్కొక్కదానికి 20 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. మంచి పథకం. అయితే మన పిల్లలకు ఒక ఊళ్లో ల్యాబ్ ఉంటే, తర్వాతి ఊళ్లో లేకపోవచ్చు. నవంబరులో వచ్చి చేరిన పిల్లకు జట్లన్నీ అప్పటికే నిండిపోయి ఉంటాయి. ఊరూరూ తిరిగిన మేము ప్రదర్శనల్లో ఇది పదేపదే చూశాం: ఖరీదైన కిట్ ముందు జనం గుమిగూడతారు, అట్టముక్కతో చేసిన బండి దగ్గర ఎవరూ ఆగరు.

అందుకే మూడు సూచనలు. ఒకటి, ప్రదర్శనలో ప్రతి రోబో పక్కన ధర చీటీ ఉండాలి, వెయ్యి రూపాయలు దాటకూడదు. న్యాయనిర్ణేతల ముందు ఒక భాగం విప్పి మళ్లీ బిగించి చూపినవారికి మార్కులు ఇవ్వాలి. రెండు, గ్రంథాలయంలో ఒక విడిభాగాల పెట్టె ఉండాలి. బదిలీపై వెళ్లేవారు తమకు అక్కర్లేని మోటార్లు, సెన్సర్లు అందులో వేసి వెళ్లాలి. కొత్తగా వచ్చినవారు పుస్తకం తీసుకున్నట్టే పేరు రాయించి తీసుకోవాలి. మూడు, ప్రతి జట్టులో ఒక చోటు మధ్యలో వచ్చే విద్యార్థి కోసం ఖాళీగా ఉంచాలి. వీటిలో ఏదీ లక్షల ఖర్చు కాదు.

ఊరు మారినప్పుడల్లా స్నేహితులు పోతారు, ఆటస్థలం పోతుంది. ఆ నష్టాన్ని మేము తక్కువ చేసి చెప్పం. కానీ ప్రతి ఊళ్లోనూ కొత్త యంత్రాలు కనిపిస్తాయి. సూరత్‌లో మగ్గాలు, ఎంబ్రాయిడరీ యంత్రాలు, వజ్రాల సానలు. రేపు విశాఖపట్నం వెళితే ఓడరేవు క్రేన్లు. ఒకే ఊళ్లో పెరిగిన పిల్లలకు ఇన్ని కనిపించవు. వాటిని నిలబడి చూడండి, ఎలా కదులుతున్నాయో అడగండి, నోటుపుస్తకంలో బొమ్మ వేసుకోండి. ఈ ఆదివారానికి మాత్రం ఒక పని: ఇంట్లో అరిగిపోయిన టూత్‌బ్రష్‌ను చెత్తబుట్టలో వేయనివ్వకండి.