శౌచమునకును పరీక్ష కావలెనా?



గడచిన శ్రావణమాసమున పేరంటమునకు మా యింటికి వచ్చిన యొక వదినగారు తాంబూలము పుచ్చుకొనియు లేవక, తక్కినవారు వెడలునంతవఱకు కూర్చుండి, పిదప నన్ను వంటయింటిలోనికి పిలిచిరి. ఆమె పెద్దకూతురు మూడేండ్ల నర్సింగు విద్య ముగించి, నర్సింగు కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని, నగరమున నొక పెద్ద దవాఖానాలో నాలుగేండ్లుగా పని చేయుచున్నది. ఇప్పు డా పిల్లను రోగుల మంచముల యొద్దనుండి తప్పించి ‘ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు’ అను పనిలో వేసిరట.

“వదినా! సూదిమందు వేయుట, రోగిని కనిపెట్టియుండుట నర్సు పని యని యెఱుగుదును. ఎవరు చేతులు కడిగిరి, ఎవరు కడుగలేదు అని పుస్తకము పట్టుకొని తిరుగుట యేమి కొలువు? సంబంధము మాటాడుచున్నవా రడిగిన నేమని చెప్పుదును? అదియునుగాక దానికి వేఱుగ నొక పరీక్ష యున్నదట. శుభ్రముగ నుండుటకు గూడ పరీక్షయా?” అని యామె కంట నీరు పెట్టుకొనిరి.

మా పిట్లమువంటి యూరినుండి ఆడపిల్లను నర్సింగు చదువునకు పంపుట తేలిక కాదు. అందుకై యా తల్లి యమ్మిన బంగారము నే నెఱుగుదును. కావున నామె ప్రశ్నను నవ్వి త్రోసివేయలేకపోతిని. నాకు తెలిసినంత చెప్పితిని; తెలియనిదానిని విచారించి తెలిసికొంటిని. అదియే యీ మాసపు వ్యాసము.

మన ప్రాచీనులు వైద్యమునకు నాలుగు పాదములు చెప్పిరి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. చరకసంహిత పరిచారకునకు నాలుగు గుణములను విధించినది. ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియం దనురాగము, శౌచము. నేను బాల్యమున మా తండ్రిగారియొద్ద నిది చదివినపుడు శౌచమును కడపట చెప్పుటచే నది చిన్న గుణమని తలచితిని. ఉపచారము తెలియుటకును శౌచమునకును గల సంబంధము నాకు చాలకాలము బోధపడలేదు.

దానిని బోధపఱచినది చరకుడు గాదు, మా యత్తగారి కాలిపుండు. కొన్నేండ్లక్రిందట ఆమెకు గాయము మానక కట్టు కట్టవలసి వచ్చెను. నేను స్నానము చేసి, మడిబట్ట కట్టి, ఎవరిని ముట్టక ఆ పని చేయుచుంటిని. అయినను పుండు చీము పట్టెను. ఒకనాడు మా యింటికి వచ్చిన నర్సమ్మ నేను చేయు విధమును మౌనముగ చూచి, “అమ్మా! మీ మడికి లోపము లేదు. కాని పాత కట్టు విప్పిన చేతులతోనే క్రొత్త దూదిని ముట్టుచున్నారు” అనెను. నే నెంత సిగ్గుపడితినో చెప్పజాలను. శ్రద్ధ నాకు గలదు. శౌచమందు భక్తి గలదు. క్రిమి యేచోట నుండి యేచోటికి ఏ మార్గమున పోవునను జ్ఞానము మాత్రము లేదు. కంటికి మురికి కనబడని చేతిమీద నా క్రిమి కూర్చుండియే యుండెను.

ఒక యింటిలో నొక పుండునకే యింత జరిగిన, వందలకొలది మంచములున్న దవాఖానాలో నేమి జరుగునో యూహింపుడు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము దవాఖానాలో చేరిన ప్రతి 100 మంది రోగులలో సంపన్నదేశములం దేడుగురికి, తక్కిన దేశములందు పదునేనుగురికి అక్కడనే క్రొత్తగా నొక అంటురోగము తగులుచున్నది. ఒక జబ్బుతో పోయి మఱియొక జబ్బు తెచ్చుకొనుట యన్నమాట.

ఆ సంవత్సరమే మన రాష్ట్రమున జరిగిన ఘోరమును మీరు మఱచియుండరు. 2022 ఆగస్టు 25వ తేదీన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ దవాఖానాలో ఒక్కదినమున 34 మంది స్త్రీలకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్సలు చేసిరి. కొద్దిదినములలో నలుగురు మరణించిరి. తక్కినవారిని హైదరాబాదు దవాఖానాలకు తరలించి చికిత్స చేసిరి. ప్రభుత్వము విచారణ జరిపించెను. శస్త్రచికిత్సవేళ సోకిన క్రిములే కారణమని తేలెను. ఆ తల్లులు రోగులై పోయినవారు కారు. ఆరోగ్యముతో నడచి పోయినవారు. ఇంటిలో పసిబిడ్డలను విడిచి, సాయంకాలమునకో మఱునాటికో తిరిగి వత్తుమని చెప్పి పోయినవారు. ఆ దినమున ఆ గదిలో “ఈ పనిముట్లు సరిగా శుద్ధి కాలేదు, ఆగుడు” అని చెప్పగల అధికారము, తెలివి గల మనిషి యొక్కతె యుండిన నని నే నెన్నిమాఱులు తలచుకొంటినో!

చేతులు కడుగుటకు శాస్త్రబలమును తెచ్చిన మొదటివారిలో సెమ్మెల్వైస్ అను వైద్యు డొకడు. 1847 ఏప్రిల్ మాసమున వియన్నా నగరపు ప్రసూతిశాలలో అతడున్న విభాగమున 100 మంది బాలింతలలో ఇంచుమించు 18 మంది సూతికాజ్వరముచే మరణించుచుండిరి. శవములను కోసి చూచిన చేతులతోనే విద్యార్థులు గర్భిణులను పరీక్షించుచున్నారని గుర్తించి, క్లోరిన్ సున్నపునీట చేతులు కడుగవలెనని యతడు మే మాసమున కట్టడి చేసెను. జూన్ నాటికి మరణములు 100కి రెండింటికి దిగెను. ఈ సంగతి అతనికి తెలిసినది దైవజ్ఞతచే గాదు. ఏ మాసమున నెందఱు మరణించిరని లెక్క వ్రాసి చూచుటచేతనే.

వదినగారు చిన్నచూపు చూచిన ఆ పుస్తకము పుట్టిన దట్లే. ఈ పనికే ప్రత్యేకముగ నర్సును నియమించుట 1959లో ఇంగ్లండు దేశమున టార్కీ పట్టణపు దవాఖానాలో మొదలైనది. తరువాత అమెరికాలో వందలాది దవాఖానాలను పరిశీలించి 1985లో ఫలితములు ప్రకటించిరి. 250 మంచముల కొక నర్సును ఈ పనికే యుంచి, ఈ విద్య తెలిసిన వైద్యుని తోడిచ్చి, ఎవరి శస్త్రచికిత్సలందు ఎన్ని గాయములు చీము పట్టినవో ఆ లెక్కను ఆయా వైద్యులకు తెలుపుచుండిన చోట్ల అంటురోగములు 100కి 32 వంతున తగ్గెనని తేలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016లో, 250 మంచములకు ఒకరు కనీసమనియు, 100 మంచముల కొకరుండుట మేలనియు చెప్పినది.

ఇక పరీక్ష మాట. అమెరికాలో ఈ విద్యకు పట్టమిచ్చు మండలి యొకటి గలదు. దాని ప్రధాన పట్టమును ‘సి.ఐ.సి.’ యందురు. కళాశాల చదువు ముగించి, అంటురోగనివారణ బాధ్యతను స్వయముగ వహించి, ఆ పనిలో తగినంత యనుభవము గడించినవారే యీ పరీక్షకు కూర్చుండదగుదురు. మూడుగంటలలో 150 ప్రశ్నలు. ఏ జ్వరము ఏ క్రిమివలన వచ్చును, రోగము ప్రబలినపుడు మూలమును కనుగొనుట యెట్లు, పనిముట్లను ఆవిరియంత్రమున శుద్ధి చేయుట యెట్లు, నర్సులకును ఊడ్చువారికిని రోగము సోకకుండ కాచుట యెట్లు, తోడివారికి నేర్పుట యెట్లు అనునవి యందు వచ్చును. పట్టము అయిదేండ్లే చెల్లును. పిదప మఱల పరీక్ష వ్రాసియో, క్రొత్త చదువు చదివినట్లు చూపియో దానిని నిలుపుకొనవలయును. క్రొత్తగా నీ దారి పట్టువారికి పని యనుభవ మక్కఱలేని చిన్న పట్టమును గలదు. అయిదేండ్ల గడు వెందుకని వదినగా రడిగిరి. క్రిములు మారును, మందులు మారును. పాత పాఠము క్రొత్త క్రిమికి చాలదు.

మన దేశమున సంగతి వేఱు. నర్సుగా పేరు నమోదగుట తప్పనిసరి. దానిపైన ఈ పనికి ప్రత్యేకముగ లైసెన్సు కావలెనను చట్టము దేశమంతటికిని లేదు. కాని దవాఖానాలకు గుణపత్రము లిచ్చు జాతీయమండలి, అనగా ఎన్.ఏ.బి.హెచ్., తన పత్రము కోరు ప్రతి దవాఖానాలోను అంటురోగనివారణకు సంఘమును, అందుకు తగిన నర్సును ఉండవలెనని విధించినది. కేంద్ర ఆరోగ్యశాఖ 2020 జనవరిలో దేశమంతటికిని ఈ విషయమున మార్గదర్శక గ్రంథమును వెలువరించినది. ఇండియన్ నర్సింగు కౌన్సిలు 2021లో సవరించిన బి.ఎస్సి. నర్సింగు పాఠ్యక్రమమున సూక్ష్మజీవశాస్త్రముతోబాటు అంటురోగనివారణను గూడ పాఠముగ చేర్చినది. 2015లో మొదలైన ‘కాయకల్ప’ బహుమతులకు గ్రామముల ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను గూడ శుభ్రతయందు పరీక్షించి మార్కులు వేయుదురు. అనగా శౌచమునకు పరీక్ష మన మండలములదాక వచ్చియే యున్నది.

ఇక్కడ నొక మాట దాచను. గోడకు వ్రేలాడు పత్రము క్రిమిని చంపదు. పట్టము గల నర్సు మాటను పెద్దవైద్యుడు వినకున్న, కుళాయిలో నీరు రాకున్న, మూడు మంచముల రోగుల నొక్కతెయే చూడవలసిన చోట పది మంచముల నప్పగించిన, ఆమె పుస్తకము లెక్కకే మిగులును. అయినను పట్టము వ్యర్థము గాదు. ఇరువదియైదేండ్ల ఆడపిల్ల యొకతె వయసున పెద్దవాడగు శస్త్రవైద్యునితో “అయ్యా! చేతులు కడుగవలెను” అని చెప్పవలసి వచ్చినపుడు, ఆమె మాట ఆమె సొంత మాటగా గాక శాస్త్రపు మాటగా చెల్లవలయును. పరీక్ష ఆమెకు ఇచ్చు బలమిదియే. మన యిండ్లలో చిన్నకోడలు చెప్పిన మంచిమాట యెంత చెల్లునో యెఱిగిన మనకు ఈ బలము విలువ వేఱుగ చెప్పవలయునా?

మన వంతు పనియు గలదు. మా యూరివారు కాన్పునకో శస్త్రచికిత్సకో బాన్సువాడకు, కామారెడ్డికి, హైదరాబాదుకు పోవుదురు. పోవునపుడు జీపు నిండ బంధువులు పోయి, బాలింత మంచముమీదనే కూర్చుండి, పసికందును చేతులు మార్చుచు ముద్దాడుదురు. ఇకమీద నొకరిద్దఱే పోవుదము. రోగిని ముట్టకముందును ముట్టినతరువాతను సబ్బుతో 40 నుండి 60 సెకండ్లు చేతులు కడుగుదము. మంచముచెంత నుంచిన మందునీరైన 20 నుండి 30 సెకండ్లు రుద్దుకొన్న చాలును. అక్కడి రంగుల డబ్బాలలో ఇంటి చెత్త వేయరాదు. పసుపుపచ్చనిది రక్తము తడిసిన దూదికి, ఎఱ్ఱనిది గొట్టములవంటి ప్లాస్టిక్కునకు, తెల్లనిది సూదులకు, నీలిది గాజునకు. “ఇచట అంటురోగములను చూచు నర్సు ఎవరమ్మా?” అని మర్యాదగ నడుగుటకు వెనుదీయకుడు. అడుగువా రున్నచోట ఆ పదవి పేరునకు మాత్రమే యుండదు.

ఇదంతయు విని వదినగారు చాలసేపు మాటాడలేదు. కడపట, “సంబంధమువా రడిగిన నేమని చెప్పుమందువు?” అనిరి. “దవాఖానాకు పోయిన తల్లి క్షేమముగ తన బిడ్డలయొద్దకు తిరిగి వచ్చునట్లు కాచు పని యని చెప్పుడు. అది చిన్నపని యని తలచు వియ్యము మీకు వలదు” అంటిని.

ఆమె లేచి, వాకిటి తొట్టియొద్ద చేతులు కడుగుకొనుచు, “ఆ పరీక్షకు పిల్ల ఏ పుస్తకములు చదువవలెనో దాని నడిగి తెలిసికొందును” అనిరి. కడుగుకొనుట మాత్రము అయిదు సెకండ్లలో ముగించిరి. నేను మఱల సబ్బు చేతికిచ్చితిని.