పూతలోనే తోటను గుత్తకివ్వొద్దు

కొల్లాపూర్ మామిడికి హైదరాబాద్‌లో మంచి పేరుంది. ఆ పేరు తెచ్చే పైసలు మాత్రం చాలామంది చిన్న రైతుల చేతికి రావటం లేదు. కారణమొకటే. కాయ అమ్మేది రైతు కాదు, గుత్తదారు. డిసెంబరు, జనవరిలో పూత పడగానే తోట అప్పజెప్పేస్తున్నాం. నల్లగొండ వైపు మామిడి రైతులూ ఇది ఆలోచించాలి.

పూత చూసి ధర కట్టడం జూదమే. ఒక్క పూగుత్తిలో వందలు, వేల పూలుంటాయి. నూటికి ఒకటి కూడా కాయగా నిలవదు. గుత్తదారు పది తోటలు తిరిగి అంచనా వేసుకుంటాడు. మనకు మన తోట ఒక్కటే. కాపు బాగుంటే లాభం ఆయనది. గాలివానకు కాయ రాలితే చివరి కిస్తుకు కొర్రీ పెడతాడు.

రెండు మూడేళ్లకు ఒకేసారి ఇస్తే ముప్పు ఇంకా ఎక్కువ. ఏటా కాపు రావాలని కొందరు పాక్లోబ్యూట్రజాల్ అనే పూత మందు మొదట్లో పోస్తారు. మోతాదు మించితే అది భూమిలో నిలిచిపోతుంది, కొమ్మలు కురచబడి చెట్టు నీరసిస్తుంది. గడువు తీరాక గుత్తదారు పోతాడు, చెట్టు మనకు మిగులుతుంది.

"పిల్ల పెండ్లి ఉంది, అప్పు కట్టాలె, ఏం జేయాలె?" అంటారు. నిజమే. గుత్త తప్పకపోతే కాగితం రాయించుకోండి. ఒక్క కాపుకే ఇవ్వండి. పిందె నిమ్మకాయంత అయ్యాకే బేరమాడండి. మనం ఒప్పుకోకుండా పూత మందు పోయొద్దని, కాయ కోసేలోపు సొమ్మంతా ముట్టాలని రాయించండి.

వీలున్నవాళ్లు సొంతంగా అమ్మండి. రెండెకరాల రైతు ఒక్కడే బండి మాట్లాడుకోలేడు. నలుగురైదుగురు కలిస్తే కిరాయి భారం తగ్గుతుంది. కొమ్మలు దులపకుండా చిక్కంతో, కొద్దిగా తొడిమె ఉంచి కోయండి. సొన కారి కాయకు మచ్చ పడదు. ట్రేలలో పేర్చి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు తోలండి. తూకం, ధర కళ్లారా చూసి పట్టీ తీసుకోండి.

మామిడి ఒక్క ఏటి పంట కాదు. నాయిన పెట్టిన చెట్టు కొడుక్కి కూడా కాస్తుంది. ఈసారి తోటంతా కాకున్నా సగం చెట్లయినా మన చేతిలో ఉంచుకుందాం. ఖర్చు, రాబడి రాసుకుందాం. గుత్త మేలో, సొంత అమ్మకం మేలో ఆ లెక్కే చెబుతుంది.