ఆడపడుచుకు నప్పింది... మరి మీకు?

'మా ఆడపడుచు స్లీవ్ చేయించుకుని సన్నబడింది. నాకూ అదే చేసేయండి డాక్టర్‌గారూ!'

చీరల కొట్లో అయితే ఈ మాట చెల్లుతుంది. బరువు తగ్గించే ఆపరేషన్ విషయంలో మాత్రం ఎవరి ఒంటి తీరు వారిదే.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని దాదాపు 80 శాతం కోసి తీసేస్తారు. అరటిపండంత గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ తగ్గుతుంది. తీసేసిన భాగం మాత్రం మళ్లీ రాదు. ఇప్పటికే ఛాతీలో మంట, పులితేన్పులు ఉంటే అవి ముదరొచ్చు.

అలాంటివారికి, మధుమేహం బాగా ముదిరినవారికి సాధారణంగా బైపాస్ మేలు. ఇందులో జీర్ణాశయం పైభాగాన కోడిగుడ్డంత సంచి చేసి, చిన్నపేగుకు కలుపుతారు. అయితే తీపి తింటే గుండెదడ, విరేచనాలు రావొచ్చు. పొగతాగేవారికి, కీళ్లనొప్పుల మాత్రలు తరచూ మింగేవారికి అతుకు దగ్గర పుండ్లు పడే ప్రమాదముంది.

ఒకప్పుడు జోరుగా వేసిన సిలికాన్ బ్యాండ్‌ను ఇప్పుడు చాలావరకూ పక్కనపెట్టేశారు. జారిపోవడం, బరువు తగినంత తగ్గకపోవడమే కారణాలు.

కాబట్టి ఛాతీమంట, షుగరు, వాడే మందులు... అన్నీ దాచకుండా చెప్పండి. ముందే ఎండోస్కోపీ అవసరమేమో అడగండి. ఏది చేయించుకున్నా విటమిన్ మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు. ఆ ఖర్చు, ఓపిక కూడా లెక్కేసుకున్నాకే సంతకం పెట్టండి!